అయిదేళ్ళ బాబు గౌను అడిగితే: పసిపిల్లల బట్టలు, జెండర్, పెద్దవాళ్ళ ప్రభావం

పిల్లల బట్టల కొట్లో అడుగు పెట్టగానే వినిపించే మొదటి ప్రశ్న "బాబుకా, పాపకా?" వయసెంత అన్నది ఆ తర్వాత. జవాబును బట్టి సేల్స్‌మ్యాన్ మనల్ని ఏదో ఒక వైపుకు తిప్పుతాడు. ఒక వైపు గులాబీ రంగు, నెట్టు గౌన్లు, చమ్కీలు, సీతాకోకచిలుకలు. ఇంకో వైపు నీలం, బూడిద రంగు, డైనోసార్లు, కార్లు. మూడు నెలల పసిగుడ్డుకు కొన్నా ఇదే వరస. నిజానికి ఆ వయసులో చూడాల్సినవి డైపరు పట్టేంత వదులుందా, కుట్లు ఒరుసుకుంటాయా అన్నవే.

అటు వైపు పిల్ల ఇటు వైపు బట్టలు అడిగినప్పుడు ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అక్క గౌను వేసుకుని అద్దం ముందు గిరగిరా తిరిగే బాబు వీడియో ఒకటి ఫోన్లలో తిరిగిందంటే చాలు, సగం మంది "పెంపకం అలా ఉంది" అంటారు, సగం మంది "వాడి ఇష్టం వాడిది" అంటారు. ఈ గొడవలో మూడు ప్రశ్నలు కలగలిసిపోతాయి. పిల్లల ఇష్టాలు ఎక్కడి నుంచి వస్తాయి? పెద్దవాళ్ళు వాటిని ఎంతవరకు మార్చగలరు? ఆ ఇష్టాలను చూసి పిల్లల భవిష్యత్తు గురించి ఏమైనా చెప్పగలమా? మొదటి రెండింటికి పరిశోధనలు చాలా వరకు జవాబు చెప్తాయి. మూడోది చిక్కు ప్రశ్న.

మూడు మాటలు, మూడు వేరు వేరు సంగతులు

పుట్టగానే శరీరాన్ని చూసి డాక్టరు ఆడో మగో రాస్తారు. అది శరీరానికి సంబంధించినది. నేను ఆడపిల్లను, నేను మగపిల్లవాణ్ణి, లేదా ఈ రెండూ నాకు సరిపోవు అని మనిషి లోలోపల అనుకునేది జెండర్ గుర్తింపు. బట్టలు, జుట్టు, నడక, మాటతీరు ద్వారా పైకి కనిపించేది జెండర్ వ్యక్తీకరణ. పెద్దయ్యాక ఎవరిమీద మనసు పడతారన్నది నాలుగో సంగతి. అయిదేళ్ళ పిల్లల బట్టల చర్చలో దానికి చోటే లేదు, అయినా అందరికంటే ముందు దాన్నే లాక్కొస్తారు.

పైకి కనిపించేదీ లోపల ఉన్నదీ ఒకటే కానక్కర్లేదన్నది తెలుగువాళ్ళకు కొత్త పాఠమేమీ కాదు. సత్యభామగా స్థానం నరసింహారావు రంగస్థలం ఎక్కితే ఆడవాళ్ళు సైతం ఆ చీరకట్టు చూసి నేర్చుకునేవాళ్ళని చెప్పుకుంటారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీ పాత్రలతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. వేషం వేషమే, మనిషి మనిషే అని ప్రేక్షకులు ఎవరూ చెప్పకుండానే విడదీసుకున్నారు. పసివాడి విషయంలో మాత్రం ఆ తెలివి ఎటు పోతుందో తెలియదు.

రంగుల చరిత్ర మనం అనుకున్నంత పాతది కాదు

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు రెండున్నరేళ్ళప్పుడు, 1884లో, తీసిన ఫొటో ఒకటి ఉంది. తెల్లటి గౌను, భుజాల దాకా జుట్టు, నిగనిగలాడే బూట్లు. ఆ కాలంలో అక్కడ ఆరేడేళ్ళ వరకు మగపిల్లలకూ గౌన్లే. పక్క తడిపితే మార్చడం తేలిక, తెల్ల నూలు గుడ్డ అయితే ఉడకబెట్టి ఉతకొచ్చు. నిక్కరు తొడగడం, జుట్టు కత్తిరించడం తర్వాత జరిగే ముచ్చట.

మగపిల్లలకు గులాబీ, ఆడపిల్లలకు నీలం అని 1918లో అమెరికాలోని ఒక బట్టల వ్యాపార పత్రిక సలహా ఇచ్చింది. దీన్ని పట్టుకుని "అప్పట్లో గులాబీ మగవాళ్ళ రంగే" అని చాలామంది తేల్చేస్తుంటారు. అంత సూటిగా ఏమీ లేదు. ఒక్కో ఊళ్ళో, ఒక్కో దుకాణంలో ఒక్కో వాడుక ఉండేదని పిల్లల దుస్తుల చరిత్ర రాసిన జో పాలెట్టి చూపించారు. ఇప్పుడున్న పంపకం 1940ల నాటికి అక్కడ కుదురుకుంది. 1980ల నుంచి స్కానింగుతో పుట్టబోయేది ఎవరో ముందే తెలియడంతో వ్యాపారులకు పని సులువైంది. తమ్ముడికి అక్క బట్టలు పనికిరావంటే అమ్మకం రెట్టింపు కదా.

మన దేశంలో పుట్టకముందే ఆ సంగతి చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. అయినా పుట్టిన నెలకే అవే రంగులు మన ఇళ్ళలోకీ వచ్చేశాయి. అమెరికాలోని తెలుగు కుటుంబాలైతే సీమంతంతో పాటు పుట్టబోయేది ఆడో మగో గులాబీ, నీలం బెలూన్లతో చాటే జెండర్ రివీల్ పార్టీలు కూడా చేసుకుంటున్నాయి.

ఇదివరకటి మన పద్ధతి వేరు. పురిటి బిడ్డకు కొత్త బట్టలు వేయకుండా ఎవరివో మెత్తబడిన పాత నూలు గుడ్డలు వేసేవాళ్ళు. వాటికి ఆడా మగా తేడా లేదు. తేడా ఎక్కువగా నడుము దగ్గర కనిపించేది: మొలతాడు ఇద్దరికీ ఉన్నా, ఆడపిల్ల మొలతాడుకు వెండి సిగ్గుబిళ్ళ వేలాడేది. ఇక మగపిల్లవాడి పుట్టువెంట్రుకలు తీయించే ముందు ఆ జుట్టుకు జడ వేసి, పూలు తురిమి, బొట్టూ కాటుకా దిద్ది, గౌనో పరికిణీయో తొడిగి స్టూడియోలో ఫొటో తీయించడం చాలా ఇళ్ళలో ముచ్చట. ఇప్పుడు నలభై దాటిన ఎందరో మగవాళ్ళ ఆల్బంలో అలాంటి ఫొటో ఒకటి ఉంటుంది. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో తర్వాత పుట్టిన మగబిడ్డకు ముక్కు కుట్టించి, పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టి చావు కన్ను కప్పే ఆచారమూ ఉండేది. వీటిలో ఒక షరతు మాత్రం గమనించాలి. ఆ గౌను పెద్దవాళ్ళు తొడిగినది. అదే గౌను వాడే అడిగి వేసుకుంటే ఇంట్లోవాళ్ళ మొహాలు మారిపోతాయి.

నాలుగేళ్ళ పాపకు గౌను ఒక రుజువు

ఏ తేడా చూపకుండా పెంచుదామనుకున్న తల్లిదండ్రులకు మూడు నాలుగేళ్ళ వయసులో గట్టి దెబ్బ తగులుతుంది. అమ్మ జీన్సు వేసుకుని ఆఫీసుకు వెళ్తుంది, కూతురు మాత్రం గౌను తప్ప ముట్టదు. జ్వరంలోనూ అదే, చలిలోనూ అదే. ఎక్కడ నేర్చింది?

దీనికి అమెరికా మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1966లో ఒక దారి చూపించారు. పిల్లలు జెండర్‌ను మెట్లు మెట్లుగా అర్థం చేసుకుంటారని ఆయన చెప్పారు. రెండు మూడేళ్ళకు తాము ఆడో మగో పేరు చెప్పగలరు. నాలుగేళ్ళ ప్రాంతంలో పెద్దయ్యాక కూడా అలాగే ఉంటామని తెలుస్తుంది. జుట్టు, బట్టలు మారినంత మాత్రాన మనిషి మారడన్నది అయిదు నుంచి ఏడేళ్ళ మధ్య గాని బుర్రకెక్కదు. ఆ చివరి మెట్టు ఎక్కేదాకా పిల్లల లెక్క ప్రకారం గౌను వేసుకున్నవాళ్ళే ఆడపిల్లలు.

మనస్తత్వవేత్త శాండ్రా బెమ్ తన కొడుకు గురించి రాసిన సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. వాడు జుట్టుకు క్లిప్పులు పెట్టుకుని నర్సరీకి వెళ్ళాడు. ఇంకో పిల్లవాడు "నువ్వు ఆడపిల్లవి, ఆడపిల్లలే క్లిప్పులు పెట్టుకుంటారు" అని వెంటపడ్డాడు. ఎంత చెప్పినా వినకపోయేసరికి వీడు ప్యాంటు కిందికి లాగి చూపించాడు. అవతలివాడు చలించలేదు. అది అందరికీ ఉంటుంది, క్లిప్పులు మాత్రం ఆడపిల్లలకే అన్నాడట! శరీరం కంటే క్లిప్పే పెద్ద సాక్ష్యం అన్నమాట.

2014లో మే లింగ్ హలీమ్, డయాన్ రూబుల్ బృందం అచ్చంగా ఈ గౌన్ల పట్టుదల మీదే పరిశోధన ప్రచురించింది. జెండర్ మారకుండా నిలిచి ఉంటుందన్న అవగాహన పెరిగిన పిల్లల్లోనే ఆ పట్టుదల ఎక్కువగా కనిపించింది. పిల్లలు ఎలాంటి బట్టలు వేసుకోవాలని తల్లిదండ్రులు కోరుకుంటారన్న దానికీ, ఈ మొండితనానికీ చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు. తాను ఏ గుంపుకు చెందుతానో కొత్తగా తెలుసుకున్న పిల్ల, ఆ గుంపు గుర్తులను గట్టిగా పట్టుకుంటుంది. కొత్తగా క్రికెట్ జట్టులో చేరినవాడు రాత్రి పడుకునేటప్పుడు కూడా జెర్సీ విప్పనట్టు. బడికి వెళ్ళి ఒకటి రెండేళ్ళయ్యాక చాలామంది ఆడపిల్లలు అదే గౌను మీద విసుగొచ్చి ప్యాంటులోకి మారతారు కూడా.

అయితే గుంపుకు ఏది గుర్తో పిల్లలు పుట్టుకతో తెచ్చుకోరు. ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకు రంగులు చూపించినప్పుడు ఆడ, మగ పిల్లల మధ్య తేడా కనిపించలేదని 2010లో వసంతి జాద్వా, మెలిస్సా హైన్స్, సూసన్ గొలంబొక్ చూపించారు. ఇద్దరికీ ఎరుపు వైపు రంగులే ఎక్కువ నచ్చాయి. 2011లో వనెసా లోబ్యూ, జూడీ డిలోష్ చేసిన పరిశోధనలో రెండు రెండున్నరేళ్ళ నుంచి ఆడపిల్లలు గులాబీ వైపు మొగ్గారు, మగపిల్లలు దాన్నుంచి తప్పుకోవడం మొదలుపెట్టారు. 2021లో మరో బృందం పెరూ, వనువాటు, కాంగోల్లోని మారుమూల ఊళ్ళ పిల్లలను ఆస్ట్రేలియా నగర పిల్లలతో పోల్చింది. ఆడపిల్లలు గులాబీని ప్రత్యేకంగా ఇష్టపడటం నగరంలోనే కనిపించింది. గుర్తులు వెతుక్కునే స్వభావం పిల్లలది, గుర్తులను అందించేది మనం.

తల్లిదండ్రుల ప్రభావం ఎటునుంచి పనిచేస్తుంది

"మేం ఇద్దరినీ ఒకేలా పెంచాం" అని చాలామంది అంటారు. అబద్ధమని కాదు, కాని కొలిచి చూస్తే కథ వేరుగా తేలుతుంది. 1975లో అమెరికాలో మూడు నెలల బిడ్డకు పసుపు బట్టలు వేసి, కొందరు పెద్దవాళ్ళకు పాప అని, కొందరికి బాబు అని చెప్పి, కొందరికి ఏమీ చెప్పకుండా ఇచ్చారు. పక్కన ఫుట్‌బాల్, బొమ్మ, ప్లాస్టిక్ రింగు పెట్టారు. ఏం చెప్పారన్న దాన్ని బట్టి ఏ ఆటవస్తువు అందించారన్నది మారింది. ఏమీ చెప్పనివాళ్ళు చాలామంది బిడ్డ పట్టు గట్టిగా ఉందనో, మెత్తగా ఉందనో చూసి తామే ఆడో మగో తేల్చుకున్నారు.

ఇంకొకటి ఇంతకంటే ఆశ్చర్యం కలిగిస్తుంది. 2000లో ప్రచురితమైన ఒక పరిశోధనలో పదకొండు నెలల పిల్లలు ఎంత ఏటవాలు బల్ల మీద పాకగలరో ముందుగా చెప్పమని తల్లులను అడిగారు. కొడుకుల తల్లులు ఎక్కువ చెప్పారు, కూతుళ్ళ తల్లులు తక్కువ చెప్పారు. పాకించి చూస్తే ఆడా మగా తేడా లేదు.

బట్టల దగ్గర ఈ ప్రభావం ఆజ్ఞల రూపంలో కనిపించదు. గౌను వేసుకున్న రోజు "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నావే" అని నలుగురు అంటారు, ఫోన్లు బయటికి వస్తాయి. టీషర్టు వేసుకున్న రోజు ఎవరూ ఏమీ అనరు. పాపకు సిల్కు లంగా కట్టి పెళ్ళికి తీసుకెళ్ళి, అక్కడ మిగతా పిల్లలు మెట్ల రెయిలింగు మీద జారుతుంటే "నువ్వొద్దమ్మా, లంగా పాడవుతుంది" అంటాం. గౌనుకు జేబు ఉండదు కాబట్టి ఏరుకున్న గులకరాయి అమ్మ హ్యాండ్‌బ్యాగులోకి చేరుతుంది, తమ్ముడిది మాత్రం వాడి నిక్కరు జేబులోనే ఉంటుంది. ఇవన్నీ చిన్నవే, కాని రోజూ జరిగేవి.

ఈ ప్రభావం ఇద్దరి మీదా సమానంగా పడదు. కూతురు ప్యాంటు వేసుకుని గోడలెక్కితే "మా పిల్ల మగరాయుడు" అని నాన్న మురిసిపోతూ చెప్తాడు. కొడుకు గోళ్ళరంగు అడిగితే "ఆడంగి వేషాలేంట్రా" అంటాడు. ఇది మన దగ్గరి సంగతే కాదు. 1980లో అమెరికాలో లాంగ్లా, డౌన్స్ చేసిన ప్రయోగంలో కొడుకులు ఆడపిల్లల బొమ్మలతో ఆడినప్పుడు తల్లుల కంటే తండ్రులే ఎక్కువగా అడ్డుకున్నారు. 2006లో సామాజిక శాస్త్రవేత్త ఎమిలీ కేన్ మాట్లాడిన తల్లిదండ్రులు కూడా కూతుళ్ళు హద్దు దాటితే మెచ్చుకున్నారు, కొడుకుల దగ్గర ఒక గీత గీశారు. ఆడవాళ్ళది అనుకునే ఏ పనినైనా ఒక మెట్టు కిందదిగా చూడటం వల్ల వచ్చిన తేడా ఇది అని నాకనిపిస్తుంది. ప్యాంటు వేసుకున్న పిల్ల పైకెక్కినట్టు, గౌను వేసుకున్న పిల్లవాడు కిందికి దిగినట్టు లెక్క.

అంతా పెంపకమే అని తేల్చేయడానికీ వీల్లేదు. పుట్టుకతో ఒక హార్మోను లోపం ఉండి, గర్భంలో ఆండ్రోజన్లు (మగ హార్మోన్లు) మామూలు కంటే ఎక్కువగా సోకిన ఆడపిల్లలు మగపిల్లల ఆటల వైపు ఎక్కువగా మొగ్గుతారని అనేక పరిశోధనల్లో తేలింది. వాళ్ళలో చాలామంది తమను ఆడపిల్లలుగానే భావిస్తారు. అంటే ఇష్టాల్లో కొంత లోపలి నుంచి రావచ్చు, ఆ ఇష్టాలు మాత్రం గుర్తింపును తేల్చవు.

ముగ్గురు పిల్లలు, ఒకే గౌను

ఊహకు ముగ్గురు అయిదేళ్ళ బాబులను తీసుకుందాం. ముగ్గురూ గౌను అడుగుతున్నారు.

మొదటివాడికి అక్క గౌను మీద చమ్కీలు కావాలి. తిరిగితే గొడుగులా విచ్చుకుంటుంది, అది సరదా. రెండు వారాల తర్వాత సూపర్‌హీరో కేప్ దొరికితే గౌను మూలన పడుతుంది. రెండోవాడికి ఏళ్ళ తరబడి గులాబీ రంగు, గాజులు, అక్కతో ఇంట్లో ఆటలే ఇష్టం. "నువ్వు బాబువా, పాపవా?" అంటే "బాబునే" అని మామూలుగా చెప్తాడు. మూడోవాడి మాట గౌనుతో ఆగదు. "నేను పాపనే, మీరు తప్పు చెప్తున్నారు" అని ఏడాది దాటినా అదే పట్టు. జుట్టు కత్తిరిస్తుంటే వెక్కివెక్కి ఏడుస్తాడు. తన శరీరం మీదే అయిష్టం చూపిస్తాడు.

పైనుంచి చూసేవాడికి ముగ్గురూ ఒకటే. మొదటిది ఆట, రెండోది అభిరుచి. మూడోవాడి విషయంలోనే జెండర్ గుర్తింపు ప్రశ్న వస్తుంది, అక్కడ కూడా జవాబు వెంటనే తేలదు. అమెరికా మనోవైద్యుల సూచిక డీఎస్‌ఎమ్-5 పిల్లల్లో జెండర్ డిస్ఫోరియా (పుట్టినప్పుడు రాసినదానికీ లోపలి గుర్తింపుకూ పొసగక కలిగే బాధ) అనడానికి ఎనిమిది లక్షణాల్లో కనీసం ఆరు, కనీసం ఆరు నెలల పాటు ఉండాలంటుంది. వేరే జెండర్ కావాలన్న బలమైన కోరికో, తాను అదేనన్న పట్టో వాటిలో తప్పనిసరి. దానివల్ల బిడ్డ బాధపడుతూ గాని, రోజువారీ జీవితం దెబ్బతిని గాని ఉండాలి. బట్టల ఇష్టం ఆ ఎనిమిదిలో ఒకటి మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే ఆరోగ్య సమస్యల జాబితా ఐసీడీ-11 ఇంకా జాగ్రత్తగా, సుమారు రెండేళ్ళ కాలం చూడాలనీ, కేవలం ఇష్టాలను, ప్రవర్తనను బట్టి ఆ పేరు పెట్టకూడదనీ చెప్తుంది.

నిపుణులు ఎక్కడ విడిపోతారు

మొదటి ఇద్దరి గురించి పెద్దగా వాదం లేదు. మూడోవాడి దగ్గరే నిపుణులు రెండుగా చీలుతారు: కొత్త పేరు, కొత్త బట్టలు, కొత్త పిలుపుతో బడికి పంపాలా, ఆగి చూడాలా?

ఆగమనేవాళ్ళు పాత అధ్యయనాలను చూపిస్తారు. క్లినిక్‌లకు వచ్చిన అలాంటి పిల్లల్లో ఎక్కువమందికి కౌమారం నాటికి ఆ భావన నిలవలేదని వాటి సారాంశం. ముందే అంతా మార్చేస్తే వెనక్కి రావడం పిల్లలకు కష్టమవుతుందని వాళ్ళ భయం. ఆ పాత లెక్కల్లో మన రెండోవాడిలాంటి పిల్లలనూ కలిపేశారనీ, అందుకే అంకె అలా వచ్చిందనీ ఎదుటివాళ్ళ వాదన. వాళ్ళు క్రిస్టినా ఓల్సన్ బృందం 2022లో ప్రచురించిన అధ్యయనం చూపిస్తారు. అప్పటికే అలా మారిన 317 మంది పిల్లలను సగటున అయిదేళ్ళ తర్వాత చూస్తే 94 శాతం మంది ఆ గుర్తింపులోనే ఉన్నారు. దీని మీదా అభ్యంతరం ఉంది. వాళ్ళంతా బలమైన భావన ఉన్న పిల్లలు, ఇంట్లో అండ ఉన్నవాళ్ళు. మారడం వల్ల నిలిచారా, నిలిచేవాళ్ళే మారారా అన్నది ఆ అంకె చెప్పదు. ఇంగ్లండ్‌లో పిల్లల జెండర్ వైద్య సేవలను సమీక్షించి 2024 ఏప్రిల్‌లో వచ్చిన కాస్ నివేదిక చిన్నపిల్లల్లో ఇలాంటి మార్పు మేలు చేస్తుందనడానికీ కీడు చేస్తుందనడానికీ గట్టి ఆధారం లేదని చెప్పి, తొందరపడవద్దని, అనుభవమున్న వైద్యుల సలహా త్వరగా తీసుకోవాలని సూచించింది.

ఈ వాదమంతా పూర్తి సామాజిక మార్పు గురించి. ఇంట్లో ఓ మధ్యాహ్నం వేసుకున్న గౌను గురించి కాదు. గౌను వేయనివ్వడం వల్ల బాబు ట్రాన్స్‌జెండర్ అవుతాడనడానికి ఆధారం లేదు. లాగేసుకుంటే మూడోవాడి భావన పోతుందనడానికీ లేదు. తిట్టినందువల్ల కనిపించేది సాధారణంగా ఒకటే: పెద్దవాళ్ళ ముందు ఆ మాట ఎత్తడం మానేస్తారు.

బడిలో, చట్టంలో

బట్టలకు చట్టంతో పని ఉందా అంటే హైదరాబాద్‌లో నిన్నమొన్నటి దాకా ఉంది. ఆడవాళ్ళ బట్టలూ నగలూ వేసుకుని వీధిలో కనిపించిన హిజ్రాలను వారంటు లేకుండా అరెస్టు చేసే వీలు నిజాం కాలపు 1919 నాటి చట్టంలో ఉండేది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో కొట్టివేసింది. అంతకు ముందే, 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) వేసిన కేసు తీర్పులో, తన జెండర్‌ను వేషధారణ ద్వారా చూపుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పసిపిల్లల బట్టలు ఎవరు తేల్చాలన్నది ఇంటికీ బడికీ మధ్యే తిరుగుతోంది.

బడి విషయంలో దేశంలో ఎక్కువగా చర్చకు వచ్చింది కేరళ. ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల 2018లో ఆడ, మగ పిల్లలందరికీ మోకాలు దాటే షార్ట్స్, చొక్కా పెట్టింది. పరిగెత్తడానికి, ఆడుకోవడానికి హాయిగా ఉంటుందన్నది కారణం. 2021 డిసెంబరులో బాలుశ్శేరి హయ్యర్ సెకండరీ బడి ప్యాంటు, చొక్కాతో అదే దారి పట్టేసరికి కొన్ని ముస్లిం సంఘాలు నిరసన తెలిపాయి. మగవాళ్ళ బట్టలను అందరి మీదా రుద్దడం సమానత్వమా అన్నది వాళ్ళ ప్రశ్న. ఇలాంటి యూనిఫాం ఎవరి మీదా బలవంతంగా పెట్టబోమని 2022లో ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పాల్సి వచ్చింది. నిరసనకు కారణాలు ఏవైనా, ఆ ప్రశ్నలో ఒక నిజం ఉంది. రెండు బడుల్లోనూ ఆడపిల్లలే గౌను, పంజాబీ డ్రెస్సు వదిలి ప్యాంటులోకి వచ్చారు. మగపిల్లలెవరూ ఆడపిల్లల బట్టల్లోకి రాలేదు.